మూడో రీలులోని ఆకాశం

పోయినవారం మనం చిన్నచీపుర్ని మెట్ల మధ్యలో వదిలేశాం. పైకి వెళ్తే సూపర్‌వైజరు గది, కిందికి దిగితే ఇంటిదారి. ఏ వైపుకీ కాలు సాగక రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది.

సంగతి మర్చిపోయినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. పాత సినిమాల రీళ్ళని బాగుచేసే కంపెనీలో ఆమెది దుమ్ము తుడిచే పని. గుడ్డతో కాదు, కంప్యూటరు ముందు కూర్చుని. సినిమాలో ఒక్క సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు. ఒక ఫ్రేములో మచ్చ ఉండి, దాని ముందు ఫ్రేములోనూ వెనక ఫ్రేములోనూ అది లేకపోతే దుమ్మన్నమాట. కంప్యూటరు దానికి ఎర్రసున్నా చుడుతుంది, మనిషి చూసి సరే అంటే తుడిచిపెట్టేస్తుంది. ఆ పని చేసే ఆరుగుర్నీ మిగతా అంతస్తులవాళ్ళు చీపుర్లంటారు. అందరిలోకీ చిన్నది కాబట్టి ఈమె చిన్నచీపురు.

ఆమె చేతికి ఒక అంతరిక్షం సినిమా వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ కిందటిది. మూడో రీల్లో రెండు నిమిషాలపాటు ఆకాశమే. ఆ ఆకాశంలో చుక్కలు మినుకుమినుకుమనేవి. మినుకుమన్నాయంటే ఒక ఫ్రేములో వెలిగి మరుసటి ఫ్రేములో ఆరిపోయేవి. కంప్యూటరు వాటన్నిటికీ ఎర్రసున్నాలు చుట్టింది. ఈమె సరే అంది. చుక్కలన్నీ దుమ్ముకింద జమైపోయాయి.

అసలు ఫిల్మా, స్కాన్ చేసిన నెలకే పులుపు వాసనకొట్టి, ముద్దకట్టి, చెత్తలోకి పోయింది. తుడవకముందు తీసిన స్కాను కాపీ పధ్నాలుగు రోజులు దాచి, చోటు చాలదని చెరిపేశారు. అదీ ఆ మెట్లమీద ఆమెకి తెలిసిన సంగతి.

చివరికి పైకే వెళ్ళింది. పొరపాటైపోయింది సార్ అని చెప్పింది. సూపర్‌వైజరు ఆసాంతం విని, లేచి తలుపు వేసొచ్చి, "ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి" అన్నాడు. "మంగళవారం ఆ సినిమాకి ట్రిక్కులు చేసిన మేస్త్రి వస్తాడు. చూసి, సినిమా తీసింది తీసినట్టే ఉందని సంతకం పెడతాడు. ఆదివారం అప్పటివీ ఇప్పటివీ ట్రిక్కు సినిమాలతోపాటు హాల్లో వేస్తారు. ఆకాశం నల్లగా ఉంటే ఎవరికేం నొప్పి?"

ఇవాళే ఆ మంగళవారం.

చూసే గది చిన్నది. ఆరు కుర్చీలు, ఒక తెర, ఏసీ నుంచి కారే నీళ్ళకింద ఒక ప్లాస్టిక్ బకెట్టు. రీలు రీలుకీ తప్పులు రాసుకోవడానికి తుడిచినవాళ్ళు కూడా కూర్చోవాలన్నది కంపెనీ పద్ధతి. చిన్నచీపురు వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో పుస్తకం తెరిచి, తారీఖు వేసి, ఇంకేం రాయాలో తెలీక తారీఖుకింద గీత కొట్టింది. ఆ గీతమీద ఇంకో గీత కొట్టింది.

మేస్త్రి లిఫ్టు వద్దని మూడంతస్తులూ ఎక్కొచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళు. పౌరాణిక సినిమాల్లో బాణాల కొసన మంటలు పుట్టించి, మనుషుల్ని మబ్బులమీద నడిపించి, ఆ కాలం వెనకబడి రాకెట్ల కాలం వస్తే రాకెట్లకి మారినవాడు. వెనకే కూతురు, చేతిలో నీళ్ళ సీసా, మందుల సంచి. ఆవిడ కూర్చోకముందే సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి మెల్లిగా, "నాన్నకి ఈమధ్య కాస్త మరుపు. ఒకటికి రెండుసార్లు అడిగితే ఏమనుకోకండి" అంది.

మెల్లిగా అన్నా గది చిన్నది. మేస్త్రికి వినపడింది. వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అయ్యో, అదేం మాటండీ" అన్నాడు సూపర్‌వైజరు. ఆ అనడంలో కాస్త ఊరట ఉంది. అది చిన్నచీపురుకి తప్ప ఎవరికీ పట్టుబడలేదు.

దీపాలార్పారు. మొదటి రీలు పడింది.

"అదిగో," అన్నాడు మేస్త్రి. "ఆ రాకెట్టు చూశారా, నీళ్ళ డ్రమ్ము. పైన గరాటు బోర్లించాం. వెనకాల పొగ మా అసిస్టెంటు సిగరెట్లది. ఒక్క షాటుకి రెండు పెట్టెలు ఊది, మూడ్రోజులు దగ్గుతూ పడుకున్నాడు."

కూతురు నవ్వింది. ఈ మాట వందసార్లు విన్న మనిషి నవ్వది.

"హీరోగారి తలమీద ఉన్నది చేపల తొట్టి. ఊపిరికి అద్దం మసకేసేది. ఇంత ఖర్చుపెట్టి నా మొహం కనపడకపోతే నేనెందుకయ్యా అని అలిగి వెళ్ళి కార్లో కూర్చున్నాడాయన. చివరికి మెడదగ్గర గొట్టం దూర్చి, కింద ఒకడు పడుకుని సైకిలు పంపు కొట్టాడు. హీరో ఎంత లోతుగా ప్రేమిస్తే వీడు అంత గట్టిగా కొట్టాలి."

రెండో రీల్లో చంద్రుడిమీద పాట. హీరోయిన్ పైట రెపరెపలాడుతోంది.

"ప్రొడ్యూసరుతో చెప్పాను, అక్కడ గాలుండదండీ, పాట ఎవరికి వినపడుతుందీ అని. గాలి లేకపోతే పైట ఎలా ఎగురుతుందయ్యా, ఫ్యాను పెట్టు అన్నాడు." మేస్త్రి వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, నవ్వవేం? నీ వయసువాళ్ళకి ఇవి నవ్వొచ్చేలా ఉంటాయనుకున్నానే."

"నవ్వుతున్నానండీ" అంది చిన్నచీపురు.

"మాకు గ్రహం పేల్చాలంటే గుమ్మడికాయకి సున్నం కొట్టి, లోపల టపాకాయ పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఒక గ్రహం పేల్చడానికి రెండొందలమంది కంప్యూటర్ల ముందు కూర్చుంటారట. మంచిదే. మా కూరకి మటుకు గుమ్మడికాయ మిగిలేది."

సూపర్‌వైజరు పెద్దగా నవ్వాడు. ఇంకా నవ్వుతుండగానే మూడో రీలు మొదలైంది.

రాకెట్టు తలుపు తెరుచుకుంటుంది. హీరో బయటికి చూస్తాడు. కెమెరా అతని భుజంమీంచి ఆకాశంలోకి వెళ్తుంది. అక్కణ్ణించి రెండు నిమిషాల పదకొండు సెకన్లు మాటల్లేవు, పాట లేదు. ఆకాశం ఒక్కటే.

నల్లటి తెర. దాంట్లో కదలకుండా ఏడు పెద్ద చుక్కలు. ఎప్పుడూ ఆరకుండా వెలిగినవి కాబట్టి అవి బతికిపోయాయి.

మేస్త్రి ముందుకి వంగాడు. కుర్చీ ఒక జానెడు జరుపుకున్నాడు. తర్వాత లేచి, తెరకి రెండడుగుల దూరంలోకి వెళ్ళి నిలబడ్డాడు. తెరమీది నలుపు ఆయన చొక్కామీద పడింది.

"రీలు మారిందేమో చూడండి" అన్నాడు.

"ఇదేనండి, మూడోది" అన్నాడు సూపర్‌వైజరు.

"మరి చుక్కలేవి?"

"ఉన్నాయి కదండీ, ఏడు."

"ఏడేంటయ్యా, నాలుగువేలుండాలి."

బకెట్లో చుక్క పడింది. చిన్నచీపురు దాన్ని వింది, దాని తర్వాతదాన్ని కూడా వింది.

"మళ్ళీ వేయండి" అన్నాడు మేస్త్రి.

మళ్ళీ వేశారు. నల్లటి తెర, ఏడు చుక్కలు.

"ఇంకోసారి."

"నాన్నా, కూర్చో. కాళ్ళు లాగుతాయి" అంది కూతురు.

ఆయన కూర్చోలేదు. తెరవైపే చూస్తూ, ఎవరికో పని నేర్పుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "పన్నెండడుగుల నల్ల వెల్వెట్టు. మూడు సైజుల సూదులు. నేనూ మీ అమ్మా పంతొమ్మిది రోజులు పొడిచాం. మీ అమ్మ బొటనవేలు వాచి, అన్నం కలుపుకోలేకపోతే నేను కలిపి పెట్టాను. బట్ట వెనకాల బల్బులు. బల్బులకీ బట్టకీ మధ్య సైకిలు చక్రమంత ప్లైవుడ్డు పళ్ళెం, దాన్నిండా అడ్డదిడ్డంగా చిల్లులు. దాన్ని చేత్తో తిప్పాలి. తిప్పుతుంటే ఇక్కడ వెలిగింది అక్కడ ఆరిపోతుంది. ఊరికే చుక్కలు పెట్టడం ఎవడైనా పెడతాడు. మావి ఊపిరి పీల్చేవి."

"బాగుందండీ ఆ ఐడియా" అన్నాడు సూపర్‌వైజరు, ఎంతో మెత్తగా. "కానీ ఫిల్ములో పడి ఉండదు. ఆ రోజుల్లో ఫిల్ముకి అంత చురుకు లేదు కదా."

"పడింది. నేను హాల్లో చూశాను. జనం ఒక్కసారి అమ్మో అన్నారు."

"నాన్నా," అంది కూతురు. గొంతులో విసుగు లేదు, భయం ఉంది. "అమ్మ ఏనాడూ నాతో ఈ సూదుల సంగతి అనలేదు. నువ్వు చేద్దామనుకున్నావేమో. అనుకుని అనుకుని, చేసినట్టే గుర్తుండిపోయిందేమో. మొన్న కరెంటు బిల్లు కట్టేశానని అన్లేదూ? అలాగే."

మేస్త్రి కూతురివైపు చూశాడు. ఆవిడ మొహంలో ఏం కనపడిందో, వచ్చి కూర్చున్నాడు. మూడంతస్తులు ఎక్కొచ్చిన మనిషి అంత చిన్న కుర్చీలో ఇంకా చోటు మిగిలేలా కూర్చున్నాడు.

ఇక్కడ చిన్నచీపురు సంగతి ఒకటి చెప్పాలి. పోయినవారం సూపర్‌వైజరుకి చెప్పనిది, మీకూ చెప్పనిది.

పొరపాటని చెప్పింది కదా. పొరపాటు కాదు.

మూడో రీలు పని రెండోరోజు మధ్యాహ్నం ఆమెకి అనుమానం వచ్చింది. దుమ్ము వచ్చినచోటికే మళ్ళీ రాదు. ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. కానీ ఈ ఎర్రసున్నాలు ఐదారు ఫ్రేములకోసారి సరిగ్గా పాతచోటే పడుతున్నాయి. పద్ధతి తెలిసిన దుమ్ము ఉంటుందా? సున్నాలు తీసేసి, రీలుని ఒక్కసారి ఆడించి చూసింది. నీళ్ళమీద ఎండ పడ్డట్టు తెరంతా కదిలింది. మెడమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అది ఏమిటో ఆ క్షణాన ఆమెకి తెలిసిపోయింది.

అప్పుడే ఫోను మోగింది. పాప మంచంమీంచి పడింది, వాంతి చేసుకుంది, తొందరగా రా అని అత్తగారు. ఆ సాయంత్రానికి రీలు ఇచ్చెయ్యాలి. ఒక్కొక్కటీ చూసి వదలాలంటే రెండురోజులు పడుతుంది. "అన్నీ సరే" అనే మీట ఒకటుంది. దాన్ని నొక్కి, సంచి భుజానేసుకుని పరిగెత్తింది. రేపొచ్చి సార్‌తో చెప్దాంలే అనుకుంది.

పాపకి ఏమీ కాలేదు. నుదుటిమీద చిన్న బొప్పి.

మర్నాడు వచ్చేసరికి రీలు పైకి వెళ్ళిపోయింది. ఎందుకు తొందరపడ్డావని అడుగుతారని చెప్పలేదు. ఆ తర్వాతిరోజు, నిన్నెందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. అలా పధ్నాలుగు రోజులు. పాత స్కాను ఆ పధ్నాలుగు రోజులూ కింది అంతస్తులో భద్రంగానే ఉంది. ఏ ఒక్కరోజు నోరు తెరిచి ఒక్కమాట అన్నా నాలుగువేల చుక్కలూ బతికేవి. పాపకి స్నానం చేయిస్తుంటే గుర్తొచ్చేది. అన్నం తింటుంటే గుర్తొచ్చేది. రేపు, రేపు అనుకుంది. పదిహేనోరోజు అడగడానికి వెళ్తే, నిన్న రాత్రే చెరిపేశామన్నారు.

ఆ రోజు నుంచీ పాప నిద్రపోతుంటే ఆమెకి ఒక పాడు అలవాటు పట్టుకుంది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూడటం. తను ఒకసారి చూసీ చూడనట్టు ఊరుకున్న మనిషి కదా. తన కళ్ళమీద తనకే నమ్మకం పోయింది.

సూపర్‌వైజరు ఫైలు తెరిచి కాగితం తీశాడు. పైన కంపెనీ ముద్ర, కింద ఖాళీ గీత. "సినిమా తీసింది తీసినట్టే ఉందని ఒక్క సంతకం. మిగతా అంతా మేం చూసుకుంటాం."

మేస్త్రి కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీసి, పెన్ను చివరన పెట్టాడు.

"నలభై ఎనిమిదేళ్ళుగా చెప్తున్నాను ఈ మాట" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. "పెళ్ళిళ్ళలో చెప్పాను. రైళ్ళలో చెప్పాను. లేనిదాన్ని పట్టుకుని ఇంతమందికి చెప్పానా." పెన్నువైపు చూస్తూ, "నాకు గుర్తున్నవాటిలో ఇంకేమేం లేవో మరి" అన్నాడు.

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

పెన్ను కాగితంమీద ఆనింది.

"సంతకం పెట్టకండి మేస్త్రిగారూ."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని, అందరూ వెనక్కి తిరిగి తనవైపు చూశాకగానీ చిన్నచీపురుకి తెలియలేదు. లేచి నిలబడింది. ఒళ్ళోని పుస్తకం కిందపడింది.

"నువ్వు బయటికెళ్ళు" అన్నాడు సూపర్‌వైజరు.

"చుక్కలు ఉండేవండీ. మీకు మరుపు కాదు. నేను తుడిచేశాను."

"ఏదో కంగారులో మాట్లాడుతోందండీ. ఇంట్లో చంటిపిల్ల, నిద్ర ఉండదు..."

"నువ్వాగవయ్యా" అన్నాడు మేస్త్రి. గొంతు పెంచలేదు. పెన్నుకి మూత పెట్టాడు. "ఇటు రా అమ్మాయ్. ఇక్కడ కూర్చో. దుమ్మనుకున్నావా?"

ఈ ప్రశ్నకి అవునంటే సరిపోయేది. ఆయనే చేతికందించాడు ఆ జవాబు. ఆమె కూర్చోలేదు.

"మొదట అనుకున్నాను. తర్వాత తెలిసింది. తెలిశాకే నొక్కాను. పాప పడిందని ఫోనొచ్చింది, వెళ్ళిపోవాలని నొక్కాను. ఆ తర్వాత కూడా పధ్నాలుగు రోజులు టైముంది. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"తిడతారని."

ఇంత పెద్ద తప్పుకి ఇంత చిన్న కారణమా అన్నట్టు గదిలో అందరూ ఇంకేదో వస్తుందని చూశారు. ఇంకేం లేదు. అంతే ఉంది.

మేస్త్రి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఆడించి చూశావా? కదులుతుంటే?"

"ఒక్కసారి."

"ఎలా ఉంది?"

"నీళ్ళమీద ఎండ పడ్డట్టుంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కూతురివైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. ఆవిడ తలూపింది. కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది.

"చూడమ్మాయ్," అన్నాడు మేస్త్రి. "దుమ్మనుకుని తుడిచి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. చేత్తో చేసింది దానంతటది పడ్డట్టుందంటే నా పనికి అంతకంటే మెప్పు లేదు. నువ్వు తెలిసి తుడిచావు. సరే, పిల్ల పడింది, అదీ అర్థమౌతుంది. కానీ ఇందాకట్నించీ అక్కడ కూర్చుని, నా కూతురు నాకు మతి పోయిందంటుంటే వింటున్నావు. అది నాకు అర్థం కావడంలేదు. అదొక్కటి ఇప్పుడప్పుడే నేను మర్చిపోలేను. మరుపుందంటున్నారు, చూద్దాం."

చిన్నచీపురు తలొంచుకుంది. కొట్టినా ఇంత తగిలేది కాదు. తిడతారని కదా ఇన్నాళ్ళూ భయపడింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఇంటికెళ్ళిపోయేది.

సూపర్‌వైజరు ఫైలు మూశాడు. "జరిగిందేదో జరిగింది. మా కుర్రాళ్ళు కంప్యూటర్లో రెండుగంటల్లో చుక్కలు వేసేస్తారండీ. నాలుగువేలు కాదు, నలభైవేలు కావాలన్నా వేస్తారు. నీ సంగతి ఆదివారం తర్వాత చూస్తాను" అన్నాడు, చివరి ముక్క ఆమెవైపు తిరిగి.

"కంప్యూటర్లో వేస్తే అవి మీ కుర్రాళ్ళ చుక్కలౌతాయి" అన్నాడు మేస్త్రి. "రాకెట్లు మారాయి, గ్రహాలు మారాయి, ఎవరి కాలంలో వాళ్ళు ఎవరికి చేతనైనట్టు వాళ్ళు తీస్తున్నారు. ఆదివారం జనం చూడ్డానికి వచ్చేది అదే కదా, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా వచ్చామో. మా వంతు వచ్చినప్పుడు మా చెయ్యే కనపడాలి." లేచి నిలబడ్డాడు. ఈసారి కుర్చీ నిండా కూర్చున్న మనిషి లేచినట్టే ఉంది. "ఇవాళ మంగళవారం. ఇంకా నాలుగు రోజులుంది. నా వెల్వెట్టు అలాగే ఉంది. ఇంట్లో, రేకుపెట్టెలో, పళ్ళెంతో సహా. చిల్లులన్నీ పెట్టిన చోటే ఉంటాయి, ఎక్కడికి పోతాయి. ఒక కెమెరా ఇవ్వండి, నాలుగు బల్బులివ్వండి. ఈ రెండు నిమిషాలూ మళ్ళీ తీసి అతికిద్దాం. పళ్ళెం తిప్పేది ఈ అమ్మాయే. తుడిచిన చేత్తోనే వెలిగించాలి."

సూపర్‌వైజరు మొహంలో రక్తం తిరిగొచ్చింది. కెమెరా ఎంతసేపండీ, కింద స్టూడియోలో ఉంది, ఇప్పుడే కనుక్కుంటానంటూ ఫోను తీశాడు. మేస్త్రి అప్పుడే గోడకీ తెరకీ మధ్య దూరం అడుగులతో కొలుస్తున్నాడు.

చిన్నచీపురు కిందపడ్డ పుస్తకం తీసుకుని బయటికొచ్చింది. వరండాలో కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి అడుగుదాకా దిగింది. క్షమించలేదు ఆయన. కానీ పని చెప్పాడు. నాలుగు రోజులు చెయ్యి పడిపోయేదాకా తిప్పమన్నా తిప్పుతుంది.

వెనక నుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. మేస్త్రి కూతురు.

"ఆ పెట్టె లేదు" అంది.

చిన్నచీపురుకి అర్థం కాలేదు.

"పోయినేడు ఇల్లు మారాం. పాత సామాను ఇచ్చేశాను. తెరిచి చూశాను కూడా. చిల్లులు పడ్డ నల్లబట్ట. పురుగులు కొట్టేశాయనుకున్నాను." ఆవిడ తలుపువైపు చూసింది. "అటకమీద ఉందని చెప్పాను నాన్నకి. ఇవాళ పొద్దున కూడా చెప్పాను. ఇప్పుడు లోపలికెళ్ళి ఏమని చెప్పను? ఇందాక అందరిముందూ ఆయన్ని మతిలేనివాణ్ణి చేసింది కూడా నేనే."

"చెప్పెయ్యండక్కా. ఇప్పుడే చెప్పెయ్యండి. నన్ను చూశారుగా."

"నువ్వు పరాయిదానివి. నిన్ను మర్చిపోతాడు. నేను రోజూ ఆయనకి అన్నం పెట్టాలి." పట్టు బిగించింది. "సాయంత్రందాకా టైమివ్వు. ఎవరికిచ్చానో కనుక్కుంటాను. అప్పటిదాకా నీకేం తెలీదు. పధ్నాలుగు రోజులు దాచినదానివి, నాలుగు గంటలు దాచలేవా?"

చూసే గది తలుపు తెరుచుకుంది. మేస్త్రి తల బయటపెట్టి, ఇద్దర్నీ కలిపి చూసి, చాలాకాలం తర్వాత పనిలో పడ్డ మనిషిలా నవ్వాడు.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా, మంచిదే. పదండి, కారుంది. ఇప్పుడే ఇంటికెళ్ళి పెట్టె దించుదాం."